నయముకాని బిడ్డయు పెంచినతల్లి కథలును

కన్నతల్లికంటె పెంచినతల్లి మిన్న యను మాట మన యిండ్లలో తఱచు వినబడుచుండును. ఆ మాటయందు గల గౌరవము కపటము కాదు. కాని ఆరోగ్యముగల పసిబిడ్డను దత్తు చేసికొనుటకై దంపతులు సంవత్సరముల తరబడి వరుసలో వేచియుండు ఈ దేశముననే, మెడ నిలువని బిడ్డ, మ్రింగనేరని బిడ్డ, దినమునకు పలుమాఱులు మూర్ఛ వచ్చు బిడ్డ అనాథగృహపు మంచముమీదనే పెరుగుచున్నది. పెంచినతల్లి నింతగా కొనియాడు జనులు ఈ బిడ్డ యెదుటికి వచ్చునప్పటికి ఏల వెనుదీయుచున్నారు? బీదతనము, భయము, వైద్యము దగ్గఱలో లేకుండుట, ఇవి యన్నియు కారణములే. వీనితోపాటు మఱియొక కారణము కలదనియు, అది మనము తరతరములుగా వినుచు, చదువుచు, పిల్లలకు చెప్పుచు వచ్చిన కథలలో నున్నదనియు మా యభిప్రాయము. ఆ కథలను విమర్శించుటయే ఈ వ్యాసమున మేము పెట్టుకొన్న పని.

ముందుగా ఏ బిడ్డనుగూర్చి మాటాడుచున్నామో స్పష్టముగా చెప్పుట యవసరము. ఒక కాలు పట్టు తప్పినను, చూపు కొఱవడినను, చదువుకొని తన బ్రతుకు తాను బ్రతుకగల బిడ్డను గూర్చి కాదు. పుట్టినప్పుడో, పుట్టిన కొలది దినములకో మెదడునకు హాని కలిగి, కాలుసేతులు బిగిసికొనిపోయి, మాట రాక, కూర్చుండలేక, మ్రింగిన పాలు ఊపిరితిత్తులలోనికి పోవుచు, చిన్న జలుబైనను ఆసుపత్రికి దారితీయు బిడ్డను గూర్చి మేము చెప్పుచున్నాము. ఇట్టి బిడ్డకు మందు లేదని లోకులందురు. ఆ మాట తప్పు. మందు ప్రతిదినమును గలదు, చికిత్స ప్రతిగడియయు గలదు. నయమగుట మాత్రము లేదు. చికిత్సకును నయమగుటకును గల ఈ భేదమును మన కథకులు గుర్తింపలేదు. గుర్తింపకపోవుటవలన కలిగిన నష్ట మెంతయో విచారింతము.

మన పురాణములలో పెంపకపు కథలకు కొదువ లేదు. యశోద కృష్ణుని పెంచెను. ఏటిలో కొట్టుకొని వచ్చిన కర్ణుని అధిరథుడును రాధయు తెచ్చి పెంచిరి. మేనక విడిచిపోయిన శకుంతలను కణ్వుడు పెంచెను. నాగటిచాలున దొరకిన సీతను జనకుడు పెంచెను. ఇవి మనోహరములైన కథలు. పెంచిన ప్రేమ రక్తసంబంధమునకు తీసిపోదని మన జాతికి నేర్పినవి ఇవియే. ఆ మేలును మేము మఱువము. కాని యీ బిడ్డల నొక్కమాఱు వరుసగా నిలిపి చూడుడు. ఒకడు భగవంతుడు. ఒకడు సహజ కవచకుండలములతో పుట్టినవాడు. ఒకతె చక్రవర్తికి తల్లి కానున్నది. ఒకతె లక్ష్మీదేవి యవతారము. పెంచినవారి చేతికి వచ్చినది నిధి. అదియు మెఱయుచునే దొరకిన నిధి. యశోదయు రాత్రులు మేల్కొనియే యుండును. కాని ఆ మేల్కొనుట ఈ బిడ్డ నడచునని, పలుకునని, తన్ను అమ్మా యని పిలుచునని తెలిసి మేల్కొనుట. నడవని, పలుకని, పిలువని బిడ్డను ఎత్తుకొని పెంచిన తల్లి కథ ఈ వరుసలో మాకు కనబడలేదు.

అంగవైకల్యము గలవారి కథలు మన పురాణములలో లేకపోలేదు. అష్టావక్రుడు గర్భమునందుండగనే తండ్రియైన కహోళుని పాఠమున తప్పు పట్టి, ఆయన శాపముచే ఎనిమిది వంకరలతో పుట్టెను. పసితనముననే జనకుని సభకు పోయి, వందిని వాదమున నోడించి, నీట ముంపబడిన తండ్రిని విడిపించుకొని వచ్చెను. మనుష్యుని గొప్పతనము శరీరమునందు లేదని ఇంతకంటె బాగుగా చెప్పిన కథ మఱియొకటి యుండదు. కాని కథ అంతటితో ముగియలేదు. తండ్రి యాజ్ఞపై అతడు సమంగానదిలో మునిగి లేవగా ఎనిమిది వంకరలును తీఱినవని భారతము చెప్పుచున్నది. మేము అడుగునది యొక్కటే: శరీరపు వంకర లెక్కకు రాదని నిరూపించిన కథ, కడపట ఆ వంకరను తీర్పకుండ ఏల నిలువజాలకపోయినది? వినువారు ఒప్పుకొనరనియేనా? భాగవతములోని కుబ్జ కథయు నిట్టిదే. ఆమె భక్తితో గంధము నొసగెను; కృష్ణుడు ఆమె పాదములను తన పాదముతో నొక్కి, గడ్డము పట్టి పైకెత్తి, నిటారుగా నిలిపెను. భక్తి ఫలించినదనుటకు గుర్తు వీపు నిలుచుట.

శాపముచే వంకర వచ్చినది, వరముచే వంకర పోయినది. ఈ రెండు మాటలను చేర్చి వినిన సామాన్యుడు ఏమి నేర్చుకొనును? వంకర యొక శిక్ష యనియు, అది తీఱకున్న యెడల శిక్ష యింకను ముగియలేదనియు నేర్చుకొనును. ఏ జన్మమున ఏమి చేసికొన్నదో యని బిడ్డ మంచముప్రక్క నిలిచి పలుకు బంధువులు క్రూరులు కారు. వారు విన్న కథను వారు తిరిగి చెప్పుచున్నారు. వానిని విను పెంపుడుతల్లికి మాత్రము, పరుల కర్మమును నీవేల మోయుచున్నావను నింద యందులో వినబడును.

ధర్మశాస్త్రము సయితము ఇంచుమించుగా ఇట్లే నడచినది. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము పుట్టు గ్రుడ్డికి, చెవిటికి, మూగకు, ఉన్మత్తునకు, జడునకు దాయభాగము లేదని చెప్పి, వెంటనే వారికి బ్రతికినంతకాలము అన్నవస్త్రములు ఈయవలెననియు, ఈయనివాడు పతితుడగుననియు చెప్పుచున్నది. ఆ రెండవ మాట మెచ్చదగినదే. కాని రెండును కలిసినపుడు ఏర్పడిన స్థితి యేమి? ఇంట తిండి గలదు, పాలు లేదు; దయ గలదు, హక్కు లేదు. 1928లో వచ్చిన చట్టము ఈ బహిష్కారమును చాలవఱకు తొలగించియు, పుట్టుకతో ఉన్మాదము గాని జడత్వము గాని గలవారిని మాత్రము వెలుపలనే నిలిపినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమువలన గాని ఆ కడపటి తలుపు తెఱువబడలేదు. ఆ నడిమి 28 సంవత్సరములును సంస్కర్తలకు సయితము మనస్సున తట్టని వారెవరో గమనింపుడు: మేము చెప్పుచున్న బిడ్డలే.

చట్టమునుండి తొలగిన భావము మాటలలో నిలిచియున్నది. 2015 చివరనుండి ప్రభుత్వభాషలో వికలాంగులను దివ్యాంగు లనుచున్నారు. ఆ మాటను తెచ్చినవారి యుద్దేశమును మేము శంకింపము. కాని బిగిసిపోయిన చేతిని దివ్యమైనదనుటయు, అష్టావక్రుని నదిలో ముంచి లేపుటయు ఒకే యలవాటు. ఉన్న చేతిని ఉన్నట్లుగా చూడలేక, దానికి మెఱుగు పెట్టి చూచుట.

ఈ దోషము మనకు మాత్రమే కలదని యనుకొనరాదు. ఇంగ్లీషు చదువరులు కన్నీటితో చదివిన డికెన్సుగారి క్రిస్మసు కథ 1843లో వెలువడినది. అందు ఊతకఱ్ఱతో నడచు టైనీ టిమ్ అను బాలుడు లోభి మనస్సు మాఱుటకు సాధనమై, ఆ పని నెఱవేఱిన తరువాత చావు తప్పించుకొనును. 1881లో ముగిసిన హైడీ కథలో చక్రముల కుర్చీలోని క్లారా కొండగాలికి లేచి నడచును. 1911 నాటి రహస్యోద్యానము అను నవలలో కాలిన్ అను బాలుడు తోటలో నిలిచి నడచును. పెంపకమునకు ప్రసిద్ధమైన సైలస్ మార్నర్ (1861) అను నవలలో, బంగారము పోగొట్టుకొన్న నేతగానికి బంగారువన్నె జుట్టుగల బిడ్డ దొరకును. ఆ బిడ్డ వాని ముసలితనమునకు వెలుగగును. అచ్చటను పెంపుడుబిడ్డ నిధియే. అచ్చటను రోగిబిడ్డ నడచితీరవలసినదే. ఇవి పిల్లలకు చదివి వినిపించు పుస్తకములు. నడవని బిడ్డ ప్రక్కన కూర్చుండి వీనిని చదువువారు ఏ పుట వద్ద గొంతు తగ్గింపవలసి వచ్చునో ఈ గ్రంథకర్తలు తలచియుండరు.

ఇక రెండవ దోషము. జీతము తీసికొని పెంచువారిని సాహిత్యము ఎట్లు చిత్రించినదో చూతము. విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన లే మిజరాబ్లులో ఫాంటీన్ తన బిడ్డ కోజెత్తును సత్రము నడపు థెనార్డియే దంపతులకు నెలకింత యని యిచ్చి పెంచుటకు అప్పగించును. వారు బిడ్డను చీపురు పట్టించి, కొట్టి, మాడ్చి, నెలనెలకు సొమ్ము పెంచుచు పోవుదురు. కడపట బిడ్డకు గొప్ప జ్వరము వచ్చినదని, మందులకు సొమ్ము పంపుమని అబద్ధపు జాబు వ్రాయుదురు. ఆ తల్లి తన ముందుపండ్లను పెఱికించి యమ్మి సొమ్ము పంపును. లోకప్రసిద్ధమైన నవలలో పెంపుడుబిడ్డ జబ్బు అనునది సొమ్ము గుంజుటకు చెప్పిన బొంకుగా కనబడుచున్నది! డికెన్సుగారి ఆలివర్ ట్విస్టులోని మాన్ అను ముసలమ్మ వారమునకు తలకు ఏడున్నర పెన్నీలు పుచ్చుకొని, అందులో పెద్దపాలు తానే మ్రింగి, పిల్లలను ఆకలికి వదలును. ఇట్టి దుర్మార్గులు నిజముగా నుండిరి. వారిని బయటపెట్టిన రచయితలు లోకమునకు మేలే చేసిరి. కాని వీరికి ఎదురుగా నిలుపదగిన చిత్రమును వారు వ్రాయలేదు. జీతము పుచ్చుకొని, పని నేర్చుకొని, వేళకు మందిచ్చి, బిడ్డను ప్రేమించిన పెంపుడుతల్లి యేది? సాహిత్యమున పెంచునది దేవతయైనను కావలెను, థెనార్డియే యైనను కావలెను. ఈ రెంటి నడుమ మనుష్యురాలు నిలుచుటకు చోటు లేదు. అందువలననే నేడును అట్టి యింటికి ప్రభుత్వము సొమ్మిచ్చుచున్నదని విన్నంతనే, ఓహో సొమ్ముకొఱకా యని పెదవి విఱచువారు పెక్కురు. అదే సొమ్మును నర్సు పుచ్చుకొన్నను, ఉపాధ్యాయుడు పుచ్చుకొన్నను ఎవరును పెదవి విఱవరు.

నయముకాని బిడ్డను నయము చేయకుండ వ్రాసిన గ్రంథములు తరువాత వచ్చినవి. వానిలో రెంటిని గూర్చి చెప్పవలయును. పెర్ల్ బక్ గారు ఎన్నటికిని ఎదగని బిడ్డ అను అర్థమిచ్చు పేరుతో 1950లో ఒక చిన్న పుస్తకమును వ్రాసిరి. ఆమె కూతురు 1920లో చైనాలో పుట్టినది. బుద్ధివికాసము నిలిచిపోయినదని తెలిసికొనుటకై ఆమె వైద్యునినుండి వైద్యునికి తిరిగి, తుదకు అమెరికాలో ఒక వైద్యుడు ఈ బిడ్డ బాగుపడదని దాచక చెప్పగా, ఆ కఠినమైన సత్యమునకు కృతజ్ఞురాలైనట్లు వ్రాసిరి. అబద్ధపు ఆశకంటె సత్యము దయగలదను ఈ ఘట్టము అంతకుముందు కథలు చేయలేని పనిని చేసినది. బిడ్డ వ్యాధి ఫెనైల్‌కీటోన్యూరియా యని ఆ పుస్తకము వ్రాయునాటికి ఆమెకు తెలియదు. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ దానిని కనిపెట్టినను, ఆహారనియమముచే దానిని అదుపు చేయవచ్చునని 1950ల నడుమ గాని తేలలేదు. అట్లని యీ గ్రంథమునకు లోపము లేదనము. బక్ గారు బిడ్డను తొమ్మిదవ యేట న్యూజెర్సీలోని వైన్‌లాండు శిక్షణాలయమున చేర్చిరి. అట్టి బిడ్డలకు తమవంటివారి నడుమ, తమకొఱకు ఏర్పడిన యాలయముననే సుఖమని వాదించిరి. దానికి వెలయిచ్చుకొనగల తల్లి వ్రాసిన మాట యది. ఇల్లునకును ఆలయమునకును నడుమ మఱియొక యిల్లు, అనగా సాయము పొందుచు పెంచు పరుల యిల్లు, ఉండవచ్చునని ఆ పుస్తకమున తోపదు.

రెండవది జపాను రచయిత కెంజబురో ఓయె 1964లో వ్రాసిన నవల. ఇంగ్లీషున పర్సనల్ మ్యాటర్ అను పేరుతో ప్రసిద్ధము. తల యెముకకు లోపముతో ఆయనకు 1963లో కుమారుడు పుట్టెను. నవలలోని తండ్రి అట్టి బిడ్డ చచ్చిన బాగుండునని కోరి, చంపుటకు వెనుదీయని వైద్యునికి అప్పగించి, తుదకు మనసు మఱలి తెచ్చుకొనును. పిఱికితనమును ఇంత నిష్కపటముగా చూపిన నవలలు అరుదు. అందుకే అది చదువదగినది. అయినను బిడ్డను తెచ్చుకొనుటతో నవల ముగియుచున్నది. తెచ్చుకొన్న మఱునాటినుండియే పని మొదలగునుగదా! ఓయె తరువాతి గ్రంథములలో ఆ కుమారునితోడి జీవితమును మరల మరల వ్రాసెను. కుమారుడు హికారి సంగీతకర్తగా పేరుపొందెను. లోకము ఆ కథను చెప్పుకొనునప్పుడు మొట్టమొదట ఆ సంగీతమునే చెప్పుకొనును. అష్టావక్రుని జ్ఞానమువలె, ఇచ్చటను ప్రతిభ వచ్చి బిడ్డ బ్రతుకునకు వెల కట్టినది. ఏ ప్రతిభయు లేని బిడ్డ బ్రతుకునకు వెల యేమి యను ప్రశ్న మిగిలియే యున్నది.

కథకుల నన నేల? శాస్త్రజ్ఞుల గ్రంథములును ఈ బిడ్డలను ప్రక్కకు పెట్టినవి. అనాథగృహమునకంటె పెంపుడిల్లు మేలని నిరూపించిన పరిశోధనలలో రుమేనియా రాజధాని బుఖారెస్టున 2001 ప్రాంతమున మొదలైనది మిక్కిలి ప్రసిద్ధము. ఆరంభమున 187 మంది పిల్లలను పరీక్షించి, పుట్టుకతో వచ్చిన దోషములు మొదలైన వైద్యకారణములచే 51 మందిని విడిచి, మిగిలిన 136 మందిలో సగమును పెంపుడిండ్లకు పంపిరి. ఇండ్లకు పోయినవారి బుద్ధియు, మమకారమును ఎక్కువగా వికసించెనని 2007 మొదలు ప్రకటనలు వెలువడినవి. లెక్క చెడకుండుటకు ఆ విధముగా విడుచుట శాస్త్రమర్యాదయే. కాని ఇల్లు బిడ్డకేమి చేయునో తెలుపు గొప్ప గ్రంథమున, ఇల్లు అందఱికంటె ఎక్కువగా కావలసిన బిడ్డలు లెక్కకు వెలుపల నున్నారను సంగతిని చదువరులు మఱువరాదు.

ఎవ్వరును వ్రాయని ఆ కథ యెట్లుండును? మేము తెలిసినంతలో దాని వస్తువు నిట చెప్పెదము. తెల్లవాఱకమునుపే మొదటి మూర్ఛమందు. వేళ తప్పెనా, ఆ పూట గాకున్నను మఱుపూట మూర్ఛ రావచ్చును. నోట మ్రింగలేని బిడ్డకు ముక్కునుండి గాని, పొట్టకు చేసిన చిన్న రంధ్రమునుండి గాని గొట్టముద్వారా ఆహారము పోయవలయును. పోయునప్పుడును, పోసిన పిమ్మట కొంతసేపును బిడ్డ తల ఎత్తుగా నుండవలయును. చదునుగా పరుండబెట్టిన యెడల ఆహారము వెనుకకు పొంగి ఊపిరితిత్తులలోనికి పోవును. అదియే న్యుమోనియాకు మొదలు. గొంతులోని కఫమును యంత్రముతో లాగివేయవలయును. తానై కదలలేని బిడ్డను సుమారు రెండు గంటల కొకసారి ప్రక్క మార్చి పరుండబెట్టకున్న చర్మము చితికి పుండ్లు పడును. బిగిసిన కీళ్లను ప్రతిదినము మెల్లగా సాచవలయును. మూర్ఛ అయిదు నిమిషములు దాటెనేని, వైద్యుడు ముందుగా నేర్పిన మందును చెంపలోనో ముక్కులోనో వేసి, ఆసుపత్రికి పరుగెత్తవలయును. ఇది యొక దినపు పని కాదు. పండుగనాడును, పెండ్లినాడును, పెంచువారికి జ్వరము వచ్చిననాడును ఇదియే.

ఇందులో విషాదము మాత్రమే కలదనుకొనువారు బిడ్డను దగ్గఱగా చూడనివారు. మాట రాని బిడ్డకు భాష లేకపోలేదు. ఏ మూలుగు నొప్పికో, ఏ మూలుగు విసుగునకో పెంచినవారికి తెలియును. పరిచితమైన గొంతు వినబడగనే బిగిసిన వ్రేళ్లు కొంత సడలును. నీళ్లు పోయునప్పుడు కన్నులు వెడల్పగును. ఒక పాట మొదలుపెట్టగనే మూర్ఛముందరి కలవరము కాని వేఱొక కదలిక ఆ ముఖమున కనబడును. అనాథగృహమున ఒక ఆయమ్మ చేతిక్రింద పలువురు బిడ్డలున్నచోట ఈ భాషను నేర్చుకొనుటకు తీరిక యుండదు, ఇంట నుండును. పెంపుడిల్లు చేయు గొప్ప పని బిడ్డను నడిపించుట కాదు, బిడ్డను చదువుట. నయముకాని బిడ్డకు ఇల్లెందుకని యడుగువారికి మా సమాధానము ఇదియే: తనను తెలిసినవారు ఒక్కరైనను ఉండుటకు.

ఈ పని యెంత యున్నదో తెలిసినపిమ్మట, దీనిని త్యాగమని పొగడి యూరకుండుట ఎంత చౌకయైన పనియో తెలియగలదు. పెంచునామెను సాక్షాత్తు దేవతయని వ్రాసిన వ్యాసములు మన పత్రికలలో తఱచు కనబడుచున్నవి. దేవతకు నిద్ర అక్కఱలేదు. దేవతకు నడుమునొప్పి లేదు. దేవతకు నెలకు నాలుగు దినముల విశ్రాంతి నీయవలెనని ఎవరికిని తోపదు. దేవత కానివారు ఆ పనికి తగరను భావమును గూడ ఈ పొగడ్త పుట్టించును. మాబోటివారికది సాధ్యమా యని సామాన్యగృహస్థులు నమస్కరించి తప్పుకొందురు. పొగడ్త నమస్కారమై, నమస్కారము తలుపు మూయుటై ముగియుచున్నది.

సొమ్ము మాటకు వత్తము. అమెరికాలో అయోవా రాష్ట్రమున 1978లో పుట్టిన కేటీ బెకెట్ అను బాలిక పసితనమున మెదడు వాపువలన ఊపిరికి యంత్రము నాశ్రయింపవలసి వచ్చినది. ఇంటికి తీసికొనిపోవచ్చునని వైద్యులు చెప్పినను, ఆసుపత్రిలోనున్నంతకాలమే ప్రభుత్వధనము వచ్చుననియు, తక్కువ ఖర్చుతో ఇంటనున్న యెడల రాదనియు నియమము అడ్డు వచ్చినది. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ఆ సంగతిని బహిరంగముగా చెప్పినతరువాత ఆ బాలికకు నియమము సడలింపబడినది. మఱుసటి సంవత్సరము రాష్ట్రములన్నిటికిని ఆ వీలు కలుగునట్లు చట్టము చేసిరి. ఆమె పెద్దదై, 2012లో మరణించునంతవఱకు ఇట్టివారి పక్షమున పనిచేసినది. సొమ్ము మంచమును వెంబడించుచున్నంతకాలము బిడ్డ మంచమునకే అంటియుండును. సొమ్ము బిడ్డను వెంబడించిననాడు ఇల్లు సాధ్యమగును.

మన దేశమున చట్టపు మాట యిప్పుడు బాగుగనే యున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము బాలల సంక్షేమ సమితిద్వారా బిడ్డను పరుల కుటుంబమున పెంపకమునకు ఉంచుటకు వీలు కల్పించినది. ఇది దత్తత కాదు, సమితి పర్యవేక్షణలో నడచు పెంపకము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 9వ విభాగము తల్లిదండ్రులు పెంపజాలని బిడ్డను మొదట దగ్గఱి బంధువుల వద్దను, అది కుదరనిచో సమాజమున నొక కుటుంబమునందును ఉంచవలెననియు, ఆశ్రమము విశేషసందర్భములందే యనియు చెప్పుచున్నది. 2024లో వెలువడిన పెంపక మార్గదర్శకములు వివాహము కానివారికిని, భర్త గాని భార్య గాని లేనివారికిని గూడ పెంచు నవకాశము నొసగి, రెండేండ్ల పెంపకము పిమ్మట దత్తత కోరవచ్చునని చెప్పినవి. కాని 2022 నాటి మిషన్ వాత్సల్య నియమములు పెంపకమునకు నిర్ణయించిన మొత్తము నెలకు 4000 రూపాయలు, అనగా దినమునకు సుమారు 133 రూపాయలు. ఆరోగ్యముగల బిడ్డ తిండిబట్టలకు ఇది యొక సాయమనవచ్చును. గొట్టము, కఫయంత్రము, మూర్ఛమందులు, రాత్రి జాగరము, వీనికి ఇందులో చోటెక్కడ? హక్కుల చట్టమే అధికసహాయము కావలసినవారికి పరిచారకభృతిని పేర్కొనుచున్నది. ఆ భృతి పెంపుడిండ్లకు నిండుగా చేరవలెను. విశ్రాంతిదినములలో వచ్చి కూర్చుండగల శిక్షితపరిచారకులు ప్రతిజిల్లాలోను ఉండవలెను. దీనిని భిక్షగా గాక వేతనముగా నడుగుటకు మనము సిగ్గుపడరాదు.

ఇట మూడు ఆక్షేపణలు రాగలవు. ఇట్టి బిడ్డ ఆసుపత్రిలోనో, వైద్యులుగల ఆశ్రమములోనో క్షేమముగా నుండదా యని మొదటిది. జబ్బు ముదిరిననాడు ఆసుపత్రియే కావలెను, సందేహము లేదు. కాని పైన చెప్పిన పనులలో అధికభాగము శిక్షణ పొందిన గృహస్థులు చేయగలవే. పలుమంచముల నడుమ ఒకరినుండి యొకరికి వ్యాధి అంటు భయము ఇంట తక్కువ. కన్నవారినే ఆదుకొనరాదా యని రెండవది. ఇది మిక్కిలి న్యాయమైన మాట. దానిని మేము ఆక్షేపణగా గాక మొదటి మెట్టుగా నంగీకరింతుము. మందుల వెలకు, కూలి పోవుటకు తాళలేక బిడ్డను విడిచిన తల్లికి ఆ సాయమే ముందు అందిన యెడల పెక్కు బిడ్డలకు పెంపుడిల్లు అక్కఱయే యుండదు. కన్నతల్లికి నిరాకరించిన సొమ్మును పెంచినతల్లికిచ్చుట సంస్కారము కాదు. కన్నవారు లేనప్పుడును, ఉండియు ఏవిధమునను పెంపలేనప్పుడును మాత్రమే రెండవ యిల్లు.

మూడవ యాక్షేపణ బయటికి చెప్పనిది: ఆ బిడ్డ చనిపోయినచో? చనిపోవచ్చును. కొందఱు బిడ్డలు పెరిగి పెద్దలగుదురు, కొందఱు కారు; పెంచువారికి ఇది మొదటినాడే చెప్పవలసిన సత్యము. పెర్ల్ బక్ గారి పుస్తకమునుండి మనము నేర్చుకొనవలసినది ఇదియే. కాని ఆనాడు వారి దుఃఖమునకు లోకము చేయునదేమి? మీ సొంత బిడ్డ కాదుగదా యని ఊరడింతురు. ఒకవిధముగా మీకు విముక్తి కలిగినదందురు. గొట్టము కడిగి పెట్టుచోటికి, మందు వేయు వేళకు చేతులు తామే కదలుచుండగా ఈ మాటలు వినవలసి వచ్చును. కర్ణుని దుఃఖము కుంతిదిగా మహాభారతము చెప్పిన తీరు మనకు తెలియును. అతనిని పెంచిన రాధ పేరు రాధేయుడను పిలుపున మాత్రమే నిలిచినది. పెంచినవారి దుఃఖమునకు మన సాహిత్యము పెట్టిన పేరు ఇంకను లేదు.

కావున మా విన్నపములు రెండు దిక్కులకు. కథలు వ్రాయువారితో మే మనునది: నయముకాని బిడ్డను నయము చేయకుండ ఒక కథ వ్రాయుడు, పెంచునామెను దేవతను చేయకుండ, దొంగను చేయకుండ, పని యెఱిగిన స్త్రీగా, పురుషుడైన పురుషునిగా వ్రాయుడు. వేళకు మందిచ్చుటలో, రెండుగంటల కొకసారి ప్రక్క మార్చుటలో గల బుద్ధిని, విసుగును, సంతోషమును వ్రాయుడు. గృహస్థులతో మే మనునది: అందఱి యిండ్లును ఇట్టి బిడ్డకు తగవు, తగకపోవుట పాపము కాదు. కాని మీ వీధిలో ఒక యింట ఇట్టి బిడ్డ పెరుగుచున్నచో, ఆ యింటివారికి నమస్కరించి వెడలిపోవకుడు. గొట్టముతో ఆహారమెట్లు పోయుదురో, మూర్ఛ వచ్చిన నేమి చేయవలెనో అడిగి నేర్చుకొని, వారమున కొక సాయంకాలము ఆ బిడ్డ ప్రక్కన మీరు కూర్చుండుడు. ఆ రెండుగంటలు ఆమె నిద్రించును.